బొట్టు వైపు చూడు: ఒక పెద్దమ్మ సలహాలు

నేను తెనాలిలో ముప్ఫయ్యొక్క సంవత్సరాల నాలుగు నెలలు ఎలిమెంటరీ స్కూలు పంతులమ్మగా చేసి రిటైరయ్యాను. నా హాజరు పట్టీల ప్రకారం నా చేతి కింద అక్షరాలు దిద్దినవాళ్ళు 1,214 మంది. కనక పిల్లల పెంపకం గురించి నాలుగు ముక్కలు చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను. పిల్లల్ని పెంచనివాళ్ళూ, పెంచి చెడగొట్టినవాళ్ళూ కూడా చెబుతూనే ఉన్నారు కదా.

మా చెల్లెలు సికింద్రాబాదులో ఉంటుంది. దాని కూతురు మా అమ్మడు. తొమ్మిదో ఏట ఆటిజం అన్నారు. ఇప్పుడు పద్నాలుగు నడుస్తోంది. ఈ అయిదేళ్ళూ రోజూ సాయంత్రం ఆరున్నరకి (ఆరున్నరకే, ముందూ కాదు వెనకా కాదు) ఫోన్ చేసి మా చెల్లెలికి చెప్పిన సలహాలు ఇవి. మొదట్లో వినేది. ఇప్పుడు "సరే అక్కా" అని పెట్టేస్తోంది. అందుకని మీకు చెబుతున్నాను.

పేరు పెట్టనివ్వకండి

పిల్ల కాస్త తేడాగా ఉందనిపించగానే డాక్టరు దగ్గరికి పరుగెత్తకండి. ముందు అత్తగారిని అడగండి. "మావాడికీ నాలుగో ఏడు దాకా మాటలు రాలేదమ్మా, ఇప్పుడు బ్యాంకు మేనేజరు కాలేదూ" అంటారు. అక్కడితో సగం భయం పోతుంది. మిగతా సగానికి వసకొమ్ము అరగదీసి నాలుకకి రాయండి. మేం రాశాం. నిజానికి అమ్మడికి మాటలు ఆలస్యం కానే లేదు. రెండున్నరేళ్ళకే టీవీ సీరియల్లో అత్తగారి డైలాగులు ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పేది. మంచినీళ్ళు అడగడం మాత్రం వచ్చేది కాదు. దాహమేస్తే వంటింటి గుమ్మంలో నిలబడి "ఈ ఇంట్లో నా మాటకి విలువ లేదు" అనేది. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. ఇంకోసారి అనమ్మా అని అనిపించుకునేవాళ్ళం. నీళ్ళు ఇవ్వాలని మా చెల్లెలికి తట్టడానికి నాలుగు నెలలు పట్టింది.

అసలు ఆటిజం అనేది మగపిల్లలకి వచ్చేది. ఇది నా సొంత కవిత్వం కాదు. అమ్మడిని పరీక్షించిన సెంటరులో ఇచ్చిన కాగితాలు రెండుసార్లు చదివాను. అవి చాలక పుస్తకాలు కూడా తెప్పించుకుని చదివాను. అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 1943లో పదకొండు మంది పిల్లల గురించి రాశాడు. ఎనిమిది మంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. మరుసటేడు వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ రాసిన నలుగురూ మగపిల్లలే. వీళ్ళిద్దరికన్నా ముందు, 1925లోనే, మాస్కోలో గ్రూన్యా సుఖరేవా అనే డాక్టరమ్మ ఆరుగురు మగపిల్లల గురించి రాసింది. అక్కడితో ఊరుకోక తర్వాత ఆడపిల్లల గురించీ విడిగా రాసింది. ఆవిడ రాసింది ఏళ్ళ తరబడి ఎవరి చెవికీ ఎక్కలేదు. లండన్‌లో లోర్నా వింగ్ అని ఇంకో డాక్టరమ్మ. ఆస్పెర్గర్ పేరు 1981లో మళ్ళీ వెలికితీసి నలుగురికీ చెప్పింది ఆవిడే. ఆవిడ కూతురికీ ఆటిజమే కాబట్టి ఆవిడ మాటని తల్లి పక్షపాతం కింద కొట్టెయ్యండి.

నలుగురు మగపిల్లలకి ఒక ఆడపిల్ల అని చాలాకాలం లెక్క చెప్పారు. 2017లో కొందరు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు కుప్పపోసి చూస్తే, అసలు లెక్క ముగ్గురికి ఒకరికి దగ్గరగా ఉందని తేలింది. అంటే కొందరు ఆడపిల్లలు ఎవరి లెక్కలోకీ రాలేదన్నమాట. లెక్కలోకి రాకుండా బతకడం కన్నా ఆడపిల్లకి మర్యాద ఏముంది?

మన దేశంలో వాడే కొలబద్ద ఒకటుంది, ఐఎస్‌ఏఏ అంటారు. సికింద్రాబాదు బోయినపల్లిలోనే, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్న సంస్థలో తయారైంది. నలభై అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు. డెబ్భై దగ్గర్నుంచి ఆటిజం. మా వంశంలో మార్కులు తక్కువ రావాలని దేవుడికి మొక్కుకున్న పరీక్ష ఇదొక్కటే. తల్లి నిజం చెబుతుందని తెలిసి నేనూ వెంట వెళ్ళాను. కళ్ళలోకి చూస్తుందా అంటే చూస్తుందన్నాను. స్నేహితులున్నారా అంటే ఉన్నారన్నాను. నేను చెప్పిన ప్రతి జవాబుకీ అమ్మడు పక్కనే కూర్చుని "అది అబద్ధం పెద్దమ్మా" అంటూ వచ్చింది. అబద్ధం ఎందుకు ఆడాలో తెలియకపోవడానికి విడిగా మార్కులున్నాయో లేదో అడగలేదు.

ముగ్గు పోసే పిల్లకి రోగమేమిటి

మగపిల్లాడు బొమ్మకార్లు వరసగా పేరుస్తూ కూర్చుంటే తల్లిదండ్రులు బెంబేలెత్తిపోతారు. ఆడపిల్ల చుక్కలు వరసగా పెడుతూ కూర్చుంటే మురిసిపోండి. అమ్మడికి ఆరో ఏట ముగ్గుల పిచ్చి పట్టింది. స్కూలు నుంచి రాగానే బలపం పట్టుకుని బాల్కనీలో కూర్చుంటే, పిలిచి పిలిచి గొంతు పోవాల్సిందే. పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేదాకా. దానికి ఇష్టమైన ముగ్గు అదే. రోజూ అదే. చుక్క అంగుళంలో పదోవంతు జరిగినా మొత్తం తుడిచి మళ్ళీ మొదలు. ఎవరైనా దాటితే పెట్టే కేక మూడో అంతస్తుకి వినపడేది. అందులో ఎన్ని చుక్కలుంటాయి అంటే తల ఎత్తకుండా "నూట అరవై తొమ్మిది" అనేది. నేను కాగితం మీద కూడి చూశాను. నూట అరవై తొమ్మిదే.

"ఈ కాలంలో ఇంత సంప్రదాయమైన పిల్ల ఎక్కడుందండీ" అన్నారు అపార్టుమెంటు వాళ్ళు. సంక్రాంతి పోటీలో కన్సొలేషన్ బహుమతిగా స్టీలు డబ్బా ఇచ్చారు. గంటలో అయిపోవాల్సిన ముగ్గు మూడు గంటలైనా అవకపోబట్టి గానీ, లేకపోతే ఫస్టే. ఇదంతా ఆటిజం అని సెంటరావిడ అంటే నాకు ఒళ్ళు మండింది. ఆడపిల్లల ఇష్టాలు పైకి అందరు ఆడపిల్లల ఇష్టాల్లాగే ఉంటాయట. పిల్లులు, కథల పుస్తకాలు, సినిమా హీరోయిన్లు, ముగ్గులు. తేడా ఇష్టంలో కాదు, ఎంత గట్టిగా పట్టుకుంటారు అన్నదానిలో ఉంటుందట. అందుకే ఎవరూ గమనించరట. నేను మాత్రం గమనించకుండా ఉండటమే మంచిదంటాను.

బొట్టు వైపు చూడు

ఈ సలహాకి నాకు పేటెంటు ఇవ్వాలి. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తే దానికి కళ్ళు మండినట్టు ఉంటుందట, మాట వినపడదట. "చూడనైనా చూస్తాను, విననైనా వింటాను, రెండూ ఒకేసారి రావు" అంది. సరే అని నేర్పాను. కళ్ళు వద్దు, కనుబొమల మధ్య బొట్టు వైపు చూడు, ఎదుటివాళ్ళకి తేడా తెలియదు. మగవాళ్ళయితే చొక్కా జేబులో పెన్ను చూడు, తల దించుకున్నట్టు ఉంటుంది, అదీ ఆడపిల్లకి శోభే. నేను ఏడో ఏటి నుంచీ ఇదే చేస్తున్నాను. 1,214 మంది పిల్లల తల్లుల్లో ఒక్కరూ కనిపెట్టలేదు.

పలకరింపులు కూడా నేనే బట్టీ పట్టించాను. నాలుగే నాలుగు, ఇదే వరసలో: "అన్నాలయ్యాయా", "పిల్లలు బాగున్నారా", "ఎండలు మండిపోతున్నాయి", "ఉంటానండీ". ఈ నాలుగింటితో నేను నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళూ పేరంటాలూ గడిపాను. అమ్మడి దగ్గర ఒకసారి బెడిసికొట్టిన మాట నిజమే. పక్క ఫ్లాట్ తాతగారు పోతే పరామర్శకి వెళ్ళాం. అందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉండగా, ఇది తిన్నగా ఆ మామ్మగారి దగ్గరికి వెళ్ళి బొట్టు వైపు చూస్తూ "అన్నాలయ్యాయా" అంది. నేను సిగ్గుతో చచ్చాను. పదకొండో రోజున ఆ మామ్మగారు మా చెల్లెలితో అందట, ముందురోజు పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదమ్మా, ఆ మాట అడిగింది నీ కూతురొక్కతే అని. అయినా సరే, పరామర్శకి అడగాల్సిన మాట కాదు అది.

స్నేహాల విషయానికొస్తే క్లాసులో ఒక చలాకీ పిల్లని చూసి ఆ పిల్లని కాపీ కొట్టమనండి. నవ్వు, నడక, జడ, "అబ్బా పోవే" అనే విరుపు, అన్నీ. అమ్మడు ఆరో తరగతి దాకా ఒక పిల్లని ఇలాగే అచ్చు దించేసింది. ఆ పిల్లకి కాలు బెణికి కుంటితే ఇదీ వారం రోజులు కుంటింది. ఏడో తరగతిలో ఆ పిల్లకి కొత్త గుంపు దొరికింది. గుంపులో ఎవరు ఎవరితో ఎందుకు అలిగారు, వాట్సాప్‌లో ఏ బొమ్మకి ఏమర్థం, "నీ డ్రెస్ భలే ఉందే" అంటే మెచ్చుకోలా వెక్కిరింపా, ఇవేవీ కాపీ కొట్టడానికి వీలైనవి కావు. ఒక పుట్టినరోజుకి దీన్ని పిలవలేదు. "మర్చిపోయాం" అన్నారట. ఇది నమ్మి, వచ్చే ఏడాది మర్చిపోకుండా ఆ పిల్లకి తేదీ రాసిచ్చింది.

దీన్నంతా సెంటరు వాళ్ళు మాస్కింగ్ అంటారు. ముసుగన్నమాట. దీన్ని కొలవడానికి కూడా 2019లో ఒక ప్రశ్నావళి వచ్చిందట. ముసుగు వేసుకోవడంలో ఆడపిల్లలది పైచెయ్యి. అందుకే ఆలస్యంగా బయటపడతారు, ఈలోగా దిగులో, ఆందోళనో, తిండి మానెయ్యడమో పట్టుకుంటుంది, డాక్టర్లు దానికే మందిచ్చి పంపుతారు అని రాశారు. అమ్మడి స్కూలు వాళ్ళని అడిగితే "మా దగ్గర బంగారంలా ఉంటుంది మేడమ్, ఇంట్లోనే ఏదో గారాబం" అన్నారు. నాకా మాట నచ్చింది. సాయంత్రం నాలుగూ పదికి ఆటో దిగి, బూట్లు విడవకుండానే గుమ్మంలో పడి తల నేలకేసి కొట్టుకుంటుందని మా చెల్లెలు ఏడ్చేది. పొద్దుట ఎనిమిదింటికి మూత బిగించిన కుక్కరు ఎక్కడో ఒకచోట విజిలెయ్యాలి కదా, అదేదో ఇంట్లో వేస్తోంది, నలుగురిలో కాదు, అదృష్టవంతురాలివి అన్నాను. నేను స్కూలు నుంచి వచ్చాక గదిలో కిటికీలు మూసి, కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని గంటన్నర పడుకునేదాన్ని. తలనొప్పి. అందరు టీచర్లకీ ఉండేదే.

వెళ్ళొస్తా

మాటని మాటగా తీసుకునే పిల్లకి భాష నేర్పే బాధ్యత మీది కాదు, లోకం నేర్పుతుంది. నాలుగేళ్ళప్పుడు మా తమ్ముడు వచ్చి వెళుతూ "వెళ్ళొస్తా అమ్మడూ" అన్నాడు. చీకటి పడేదాకా గేటు దగ్గర నిలబడింది. వాడు రాలేదు. మర్నాడూ నిలబడింది. ఎవరికీ అర్థం కాలేదు. ఇప్పటికీ "రెండు నిమిషాల్లో వస్తా" అంటే గడియారం చూస్తుంది. "తిన్నంత తిను, పారేసినంత పారెయ్" అని విసుక్కుంటే సరిగ్గా సగం పారేసింది. మా చెల్లెలు ఇప్పుడు అన్నీ పలక మీద రాసి పెడుతోంది, ఎన్నింటికి ఏమిటో, ఎవరొస్తారో, ఎప్పుడు పోతారో. పోయే టైము కూడా రాస్తే చుట్టాలు ఏమనుకుంటారో దానికి పట్టదు.

పెద్దమనిషి

సెంటరు వాళ్ళ కాగితంలో నెలసరి గురించి తొమ్మిదో ఏటి నుంచే చెప్పమని ఉంది. ప్యాడ్ మీద ఎర్రరంగు నీళ్ళు పోసి చూపించాలట. ఎలా అంటించాలి, ఎన్ని గంటలకి మార్చాలి, వాడింది ఎలా చుట్టి ఎక్కడ పారెయ్యాలి, మెట్టుమెట్టూ బొమ్మలు గీసి బాత్రూం తలుపు వెనక అతికించాలట. అసలు రాకముందే ఖాళీ ప్యాడ్ రోజుకో గంట పెట్టించి అలవాటు చెయ్యాలట. ఛీ ఛీ, ఇంట్లో మగాళ్ళు తిరుగుతుంటారు అన్నాను. మనకెవరు చెప్పారు? టైమొస్తే అదే తెలుస్తుంది.

దానికి తెలిసిన టైము లెక్కల పీరియడు. పన్నెండో ఏడు. రక్తం వస్తే దగ్గరున్న పెద్దవాళ్ళకి చెప్పాలని వాళ్ళ నాన్న ఎప్పుడో నేర్పాడు. అది లేచి నిలబడి "సార్, నాకు రక్తం వస్తోంది, దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియడం లేదు" అంది. క్లాసు గొల్లుమంది. సారు పెద్దమనిషి, బోర్డు వైపు తిరిగిపోయారు. ఆయన కూర్చోమనలేదు, వెళ్ళమనలేదు. ఏమీ చెప్పలేదు కాబట్టి బెల్లు కొట్టేదాకా నిలబడే ఉంది. నాలుగూ పదికి ఇంటికొచ్చి "నేను చచ్చిపోతున్నాను, నా ముగ్గుల పుస్తకం ఎవరికీ ఇవ్వకు" అని వాళ్ళమ్మతో చెప్పింది. ఏడవలేదు. వివరంగా చెప్పింది.

తర్వాత ప్యాడ్ల గొడవ. అతుకుతుంది, చప్పుడు చేస్తుంది, అంచు గీరుకుంటుంది అని పీకి పారేసేది. మొండితనం అన్నాను. మా చెల్లెలు పాత నూలు పంచె చింపి, మెత్తగా నాలుగు మడతలు కుట్టి, ఒక సైజు పెద్ద లోదుస్తుల్లో పెడితే మాట్లాడకుండా వేసుకుంది. బట్టల విషయంలో ఇంత నాజూకు పనికిరాదు. నేనూ ముప్ఫయ్యేళ్ళుగా ఒకే కొట్టులో ఒకే రకం నూలు చీరలు కొంటున్నాను. జాకెట్టు కుట్లు లోపలికి కాక పైకి ఉండేలా కుట్టించుకుంటాను. పమిట కప్పేస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. నేనేమైనా పీకి పారేశానా?

ఇంకో సలహా మా వీధిలో ఒకావిడ ఇచ్చింది, ఇలాంటి పిల్లలకి గర్భసంచి తీయించేస్తే తల్లికి చాకిరీ తప్పుతుంది అని. ఇది నాది కాదు, నా పద్దులో రాయకండి. 1994లో మహారాష్ట్రలో శిరూర్‌లోని ఒక వసతి పాఠశాల ఆడపిల్లలకి పుణెలో ఇలాగే తీసేశారు, ఇంకా కొందరికి చేద్దామనుకున్నారు, దేశమంతా అల్లరైంది. ఇప్పుడు 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, ఆ మనిషికి అర్థమయ్యేలా చెప్పి, ఆ మనిషి తనంతట తాను ఒప్పుకోకుండా, పిల్లలు పుట్టకుండా చేసే వైద్యం ఏదీ చెయ్యకూడదు. ఆ వీధావిడతో నేను మాట్లాడటం మానేశాను. ఆవిడకి ఆ సంగతి ఇంకా తెలియదు, ఎందుకంటే ముందు కూడా నాలుగు ముక్కలకి మించి మాట్లాడేదాన్ని కాదు.

పెద్దమనిషైన ఫంక్షన్ మాత్రం ఘనంగా చెయ్యండి. పిల్లకి ఇష్టం ఉందా లేదా అని అడక్కండి. మేం మూడొందల మందిని పిలిచాం. ఫంక్షన్ హాలు, డీజే, నెత్తిన తిరిగే డ్రోన్ కెమెరా. మేనమామ పెట్టిన కంచిపట్టు, జరీ అంచు లోపలివైపు ఉప్పుకాగితంలా ఉంది. పూలజడ బరువుకి మెడ వెనక్కి లాగేస్తోంది. పది నలభైకి కుర్చీలో కూర్చోబెట్టాం, ఒంటిగంటా యాభైకి లేపాం. మూడు గంటల పది నిమిషాలు. వచ్చినవాళ్ళంతా బుగ్గలు పుణికారు, అక్షింతలు చల్లారు, చిమ్మిలి ఉండ నోట్లో కుక్కారు. ఒక్కో గింజా నెత్తి మీద పడ్డప్పుడల్లా రెప్ప వేసేది. అంతే. బొమ్మలా కూర్చుంది, ఎంత ఒద్దికైన పిల్లో అన్నారు. స్టేజీ పక్కన కింద కూర్చున్నాను కాబట్టి నాకొక్కదానికే ఇంకోటి కనిపించింది. పట్టు కుచ్చిళ్ళ కింద కుడికాలి బొటనవేలు తివాచీ మీద చుక్కలు పెడుతోంది. నేనూ లెక్కపెట్టాను. పదిహేను, పద్నాలుగు, పదమూడు. నూట అరవై తొమ్మిది అవగానే కాలితో తుడిచి మళ్ళీ మొదలు.

ఆ తర్వాత మూడు రోజులు మాట్లాడలేదు.

మామయ్య అడిగితే ముద్దు పెట్టాలి

అని రాసుకున్నాను. ఇంటికొచ్చిన పెద్దవాళ్ళు ముట్టుకుంటే బిగుసుకుపోకూడదు, అడిగితే ముద్దు పెట్టాలి, పెద్దవాళ్ళు చెప్పింది చెయ్యాలి, ఇంటి సంగతులు బయట చెప్పకూడదు. ఈ నాలుగూ నేను దానికి పదేళ్ళు నూరిపోశాను.

రోజూ రాత్రి అన్నాల దగ్గర వాళ్ళ నాన్న "ఈరోజు ఏం చేశావు" అంటే, ఆ రోజు జరిగినవన్నీ వరసగా అప్పజెప్పడం దానికి అలవాటు. కిందటేడు ఒకరోజు, ఒకటి హిందీ పరీక్ష, రెండు లంచ్‌లో పెరుగన్నం, మూడు ఆటోకి పంక్చరు అని చెప్పి, నాలుగోది ఎవరు తనని ఒళ్ళో కూర్చోమన్నారో, తను ఎందుకు కూర్చుందో చెప్పింది. "పెద్దవాళ్ళు చెబితే చెయ్యాలి కదా. ఎవరికీ చెప్పొద్దన్నారు. నాన్న ఎవరూ కాదు కదా." అయిదోది హోంవర్కు.

ఈ సలహా వెనక్కి తీసుకుంటున్నాను. పోక్సో చట్టం 2012లో వచ్చింది. పిల్ల వైకల్యాన్ని అదనుగా తీసుకుని ఒడిగట్టే అత్యాచారానికి శిక్ష ఇంకా ఎక్కువ. ఇలాంటి పిల్ల వాంగ్మూలం ఇచ్చేటప్పుడు స్పెషల్ ఎడ్యుకేటర్ పక్కన ఉండొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 అనే అంకె దానికి నేనే నేర్పాను, అంకెలంటే దానికి ఇష్టం. సెంటరావిడ "వద్దు" అనడం ప్రాక్టీసు చేయించమంది, రోజుకి పదిసార్లు, గట్టిగా, నిలబడి. నేను తెనాలి నుంచి ఫోన్లో చేయించాను. అది మొదటిసారి సొంతంగా అన్నది నాతోనే. కాఫీ గ్లాసు తెమ్మన్నాను, "వద్దు" అంది. వెళ్ళి తెచ్చుకున్నాను.

మిగతావి

సదరం వైకల్య సర్టిఫికెట్ తీసుకోకండి. నలభై శాతం, ఆపైన తేలితే ఇస్తారు. పరీక్షల్లో అదనపు సమయానికీ, నేషనల్ ట్రస్టు నిరామయ పాలసీలో ఏడాదికి లక్ష దాకా వైద్య ఖర్చుకీ అలాంటి కాగితం కావాలి. కానీ రేపు పెళ్ళివారు ఆరా తీస్తే? మా చెల్లెలు తీసుకుంది. పైగా ఫ్రేము కట్టించలేదు గానీ దాచనూ లేదు.

పెళ్ళి చేసేస్తే అంతా సర్దుకుంటుంది. పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు అన్నారు కాబట్టి, మగపెళ్ళివాళ్ళకి చెప్పకుండా చెయ్యండి. మా నాన్నా అలాగే చేశాడు. చెప్పడానికి పాపం ఆయనకి మాత్రం ఏం తెలుసు, "మా పెద్దది మితభాషి" అన్నాడు. మా ఆయన మంచివాడు. పోయేదాకా నేను గర్విష్ఠిదాన్ననే అనుకున్నాడు.

దానికి తనకేముందో చెప్పకండి, బెంగెట్టుకుంటుంది. మా చెల్లెలు పదకొండో ఏట చెప్పేసింది. అది కాసేపు ఆలోచించి, "అయితే నేను చెడ్డపిల్లని కాదా" అని అడిగి, కాదంటే, "సరే" అని ముగ్గుకి వెళ్ళిపోయింది. ఈమధ్య మాత్రం నా వైపు చాలాసేపు చూస్తోంది. బొట్టు వైపు కాదు, నా జాకెట్టు కుట్ల వైపు.

ఫంక్షన్ హాలు సంగతి ఒకటి దాటేశాను. ఏ పెళ్ళికి వెళ్ళినా భోజనాల వేళకి నేను "సామాను లెక్క చూసొస్తా" అని స్టోరు గదిలోకి వెళతాను. చీకటిగా, చల్లగా ఉంటుంది. బియ్యం బస్తాల వాసన. గంగాళాలూ గరిటెలూ లెక్కపెడుతూ అరగంట కూర్చుంటే మళ్ళీ మనుషుల్లోకి రావచ్చు. ఎవరూ తప్పు పట్టరు, పైగా బాధ్యత గల మనిషి అంటారు. ఆ రోజు ఒంటిగంటా యాభై అయిదుకి వెళ్ళేసరికి అమ్మడు అక్కడ బస్తాల వెనక కూర్చుని ఉంది. పూలజడ ఊడబీకి పక్కన పెట్టింది. చెవులు మూసుకుని ఊగుతోంది. వెళ్ళి లేపి నలుగురిలోకి తీసుకురావడం పెద్దమ్మగా నా ధర్మం. నేను తలుపు దగ్గరికి వేసి, గొళ్ళెం పెట్టి, ఒక బస్తా అవతల కూర్చున్నాను. ముట్టుకోలేదు. బయట డీజే వాడు ఏదో మోగిస్తున్నాడు, గోడ అదురుతోంది. నేనూ చెవులు మూసుకున్నాను. రెండూ ఇరవై దాకా ఉన్నాం. మా చెల్లెలు "అక్కా, అమ్మడేదీ" అని వెతుక్కుంటూ తలుపు తడితే "ఇంకా లెక్క తేలలేదు, పొమ్మను" అన్నాను.

మూడో రోజున తెనాలి బయల్దేరాను. అది బాల్కనీలో కూర్చుని ఉంది, చేతిలో బలపం ఉంది గానీ చుక్క పెట్టడం లేదు. ఇంట్లో అందరూ బతిమాలి బతిమాలి వదిలేశారు. సంచీ భుజాన వేసుకుని నిలబడ్డాను. వెళ్ళొస్తా అనబోయి ఆగాను.

"వెళుతున్నాను. ఇవాళ మళ్ళీ రాను. జనవరి పన్నెండున వస్తాను. మధ్యాహ్నం పదకొండున్నరకి."

అది తల ఎత్తలేదు. నేను మెట్లు దిగబోతుంటే వెనకనుంచి వినపడింది.

"పదకొండున్నర మధ్యాహ్నం కాదు పెద్దమ్మా. పొద్దున."

"అవును," అన్నాను. "పొద్దున. దిద్దుకున్నాను."